సంఘపు లెక్కలకును విత్తనపు గాదె కావలెను

పండినదంతయు తినుటకు కాదనియు, అందు కొంత విత్తుటకనియు మన సీమలో పాలేరు మొదలు పెత్తనదారు వరకు ఎరుగని వారు లేరు. ఎంత కటకట వచ్చినను విత్తనపు గింజను ముట్టని సంసారమే మరుసటి తొలకరికి నిలుచును. ఆ గింజను తిండిగింజలతో కలుపరు, వేరుగా పోయుదురు, చెమ్మ తగులకుండ, పురుగు పట్టకుండ కాచుదురు, చల్లుటకు ముందు మొలక చూతురు. ఇంతటి జాగ్రత్త గల మన రైతు సోదరులు, తమ అప్పులు, వాటాధనము, డిపాజిట్లు, ఎరువుల బాకీలు వ్రాసియున్న సహకార సంఘపు లెక్కల విషయమున మాత్రము "కంప్యూటరులో ఉన్నవి కదా" యని నిశ్చింతగా నుండుట మాకు యుక్తముగా తోచుట లేదు. కంప్యూటరులో నున్నది తిండిగింజ. విత్తనపు గింజ యెక్కడ నున్నదని అడుగవలసిన కాలము వచ్చినది.

మన దేశమున 1904 సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది మొదలు శతాబ్దమునకు పైగా గ్రామసంఘముల లెక్కలు కాగితముపైననే నడచినవి. డేబుక్కు, లెడ్జరు, సభ్యుల రిజిస్టరు, తీర్మానముల పుస్తకము, ఇవియే సంఘమునకు ప్రాణము. 2021 జూలై 6వ తేదీన కేంద్ర ప్రభుత్వము సహకారమునకు ప్రత్యేక మంత్రిత్వ శాఖను నెలకొల్పెను. 2022 జూన్ 29వ తేదీన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణ పథకమును ఆమోదించెను. నాడు నిర్ణయించిన వ్యయము 2,516 కోట్ల రూపాయలు. చేర్చదలచిన సంఘములు 63,000. దేశమంతటికిని ఒకే సాఫ్ట్‌వేరు. దాని నిర్మాణము నాబార్డు పర్యవేక్షణలోనిది. లెక్కలు దూరమునందలి సర్వర్లలో, అనగా క్లౌడులో, నిలువ చేయబడును.

మేమీ మార్పునకు విరోధులము కాము. చేతివ్రాత తప్పులు తగ్గుట, వడ్డీ లెక్క నిమిషములో తేలుట, జిల్లా బ్యాంకునకు నివేదిక నాడే చేరుట, ఇవన్నియు మేలులే. అయినను ఒక భేదమును గుర్తింపవలెను. కాగితపు లెడ్జరునకు చెదలు పట్టిన నాలుగు పుటలు పోవును, తక్కినవి మిగులును, పోయినది కంటికి కనబడును. కంప్యూటరు లెక్క పోయిన నాడు ఒక్క క్షణములో మొత్తము పోవచ్చును. ఒక్కొక్కప్పుడు పోయిన సంగతి నెలలు గడచిన గాని తెలియకపోవచ్చును. పనిముట్టు మారినప్పుడు దానిని కాచుకొను పద్ధతియు మారవలెను. నాగలి విడిచి ట్రాక్టరు కొన్నవాడు కర్రును కాచుట మాని ఇంజను నూనెను చూచుకొనుట లేదా?

మన ఆలమూరు గౌతమీ తీరమున నున్నది. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులు పెరిగినది. 2022 జూలైలో 71.3 అడుగులు. బడుగువానిలంక వంటి ఊళ్లలో గట్టు కోసికొనిపోయిన మడిచెక్కలు తిరిగి రాలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమలో లక్షలకొలది కొబ్బరిచెట్లను నేల కూల్చినది. ఇట్టి సీమలో ఒకే గదిలో, ఒకే బల్లపై, ఒకే పెట్టెలో సంఘపు లెక్కలన్నియు ఉంచుట సాహసము. నీరు, గాలియే కాదు, అగ్నియు కలదు. 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయములో నిప్పంటుకొని భూముల ఫైళ్లు పెక్కులు కాలిపోయిన వార్త మన రాష్ట్రమంతయు చదివినదే. అందు కాలినవి కాగితములు. కంప్యూటరు పెట్టెయైనను నిప్పునకు వేరు కాదు.

దక్షిణ కొరియా దేశము యంత్రవిద్యలో మనకు ముందున్నది. అచ్చట 2025 సెప్టెంబరు 26న డేజాన్ పట్టణములోని ప్రభుత్వ డేటా కేంద్రములో బ్యాటరీల నుండి మంటలు లేచెను. ప్రభుత్వోద్యోగులు తమ పనికాగితములు దాచుకొను ఒక పెద్ద భాండాగారము అందు దగ్ధమయ్యెను. దాని కొలత 858 టెరాబైట్లు. అది మిక్కిలి పెద్దది గనుక వేరొక ప్రతి తీయకుండిరట! పెద్దదియైనందుననే ప్రతి తీయలేదనుట, పెద్ద పొలము గనుక గట్టు వేయలేదనుట వంటిది.

ప్రకృతి చేయు హాని యొక యెత్తు, మనుష్యుడు చేయునది మరియొక యెత్తు. రాన్సమ్‌వేరు అను దుష్టసాఫ్ట్‌వేరు కలదు. అది కంప్యూటరులో దూరి లెక్కలన్నిటిని ఎవరికిని చదువరాని గూఢలిపిలోనికి మార్చి, విప్పు తాళమునకు సొమ్మిమ్మని బెదరించును. దారిదోపిడి వాడు సంచి లాగుకొనిపోవును. వీడు సంచి మన యింటనే యుంచి మూతికి తాళము వేయును. 2019 ఏప్రిల్ నెలాఖరున ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లు ఇట్టి దాడికి లోనై, వానిచే నడచు ఇంటర్నెట్ సేవలు నిలిచిపోయెను. 2024 జూలై 31న సంగతి మనకు మరింత దగ్గరది. సహకార బ్యాంకులకును, గ్రామీణ బ్యాంకులకును సాంకేతిక సేవలందించు సీ-ఎడ్జ్ అను కంపెనీపై దాడి జరిగియుండవచ్చునని జాతీయ చెల్లింపుల సంస్థ ఆ కంపెనీని తన మార్గము నుండి వేరుచేసెను. సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు ఆ చెల్లింపులు ఆగినవి. మరునాడు తిరిగి కలిపిరి. పెద్ద బ్యాంకులనే దొంగలు వెదకుదురు, చిన్న సంఘములతో వారికేమి పని యనువారు ఈ సంగతిని గమనింపవలెను.

ఇక మారుప్రతి యనగా నేమి? మన సంఘములలో దీనిని గూర్చి నాలుగు భ్రమలు వ్యాపించియున్నవి.

మొదటిది, సర్వరులో రెండు హార్డ్‌డిస్కులు జంటగా నడచుచున్నవి గనుక రెండు ప్రతులున్నవనుట. ఇది ఒకే కాడికి కట్టిన రెండెద్దుల వంటిది. ఒక యెద్దు కుంటినచో రెండవది బండిని కొంతదూరము లాగును. బండియే కాలువలో పడినచో రెండును పడును. పొరపాటున ఒక ఖాతాను చెరిపిన, ఆ చెరుపుట రెండు డిస్కులమీదను ఒకేసారి జరుగును.

రెండవది, ఇంటర్నెట్టులోని సంచిలోనికి ఫైళ్లు తమంతట తామే పోవుచున్నవి గనుక భయము లేదనుట. మంచి మార్పుతో పాటు చెడు మార్పును గూడ అది వెంటనే అనుకరించును. పాత రూపములను కొన్ని దినములు నిలిపియుంచు ఏర్పాటు లేనిచో అది అద్దము వంటిదే. ముఖమునకు మసి యంటిన అద్దములోను మసియే కనబడును.

మూడవది, లెక్కలు వ్రాయుచుండగనే ఫైలును పెన్‌డ్రైవులోనికి నకలు చేసికొనుట. ధాన్యము కొలుచుచుండగా సగములో లెక్క వ్రాసికొన్నట్లు, ఆ ప్రతి తెరచి చూచినప్పుడు జమకును ఖర్చునకును పొంతన కుదరకపోవచ్చును. లెక్కల సాఫ్ట్‌వేరులోనే మారుప్రతి తీయు పద్ధతి యుండును, దానినే వాడవలెను.

నాలుగవది, మారుప్రతి డిస్కును నిత్యము కంప్యూటరునకే తగిలించియుంచుట. దొంగతాళము వేయు సాఫ్ట్‌వేరు తగిలియున్న డిస్కును గూడ విడువదు. ప్రతి తీసిన తోడనే డిస్కును ఊడదీసి ఇనుప బీరువాలో నుంచవలెను.

ఈ విద్య తెలిసినవారు లోకమంతట పాటించు సూత్రము "మూడు, రెండు, ఒకటి" యనునది. లెక్కలు మూడు ప్రతులుగా నుండవలెను. అవి కనీసము రెండు విధములైన సాధనములపై నుండవలెను. అందొకటి వేరొక యూరిలో నుండవలెను. ఆలమూరు సంఘమునకు దీనిని అన్వయించి చూతము. నిత్యము పనిచేయు ప్రతి ఒకటి; బీరువాలోని డిస్కు రెండవది; మూడవది ఎక్కడ? జొన్నాడలోనో మూలస్థానములోనో ఉంచుట చాలదు, ఒకే వరద రెంటిని ముంచవచ్చును. కాకినాడ సముద్రపు టొడ్డున నున్నది. ఒకే తుపాను మనలను, కాకినాడను గూడ ఒకే రాత్రి తాకగలదు. కావున మూడవ ప్రతి హైదరాబాదు వంటి మెట్టసీమలోనో, దూరమునందలి నమ్మదగిన క్లౌడులోనో ఉండుట మేలు. ఒకే గండమున మూడును పోరాదు. ఇదియే సూత్రములోని సారము.

ఎన్ని దినముల ప్రతులు నిలుపవలెను? దీనికి తాత, తండ్రి, కొడుకు అను పద్ధతి యొకటి కలదు. దినదినము తీయునది కొడుకు, వారమునకొకటి తండ్రి, నెలకొకటి తాత. కొడుకు ప్రతులు ఏడు దినములకు, తండ్రి ప్రతులు నెలకు మారుచుండును. తాతప్రతులు ఏడాదియో, అంతకు పైననో నిలుచును. పురుగు జొరబడిన మూడు వారములకు గాని బయటపడనిచో, నిన్నటి ప్రతిలోను పురుగే యుండును. అప్పుడు తాతయే దిక్కు. దినదినము మొత్తము లెక్కలను నకలు చేయనక్కర లేదు. వారమునకొకసారి సంపూర్ణ ప్రతి తీసి, నడుమ దినములలో మారిన భాగమును మాత్రము తీసికొనవచ్చును. అయితే నడుమనున్న ఒక్క దినపు ప్రతి చెడిన, తరువాతి దినముల ప్రతులు అక్కరకు రావు; గొలుసులో కడియము తెగినట్లగును. కావున సంపూర్ణ ప్రతిని వారముకంటె ఆలస్యము చేయరాదు.

ఏర్పాటు చేయుటకు ముందు పాలకవర్గము రెండు ప్రశ్నలకు జవాబు నిశ్చయించుకొనవలెను. ఎంత కాలపు లెక్క పోయినను తిరిగి వ్రాసికొనగలము? ఎన్ని దినములు పని ఆగినను సభ్యులు ఓర్వగలరు? శ్రావణమాసములో ఒక దినపు లెక్క పోయిన, రసీదులు చూచి వ్రాసికొనవచ్చును. ధాన్యము కొనుగోలు సాగు దినములలో, కళ్లమునకు లారీలు వచ్చుచు పోవుచుండగా ఒక పూట లెక్క పోయినను ఎవరి బస్తాలు ఎవరి పేర పడినవో తేల్చుట కష్టము. మార్చి నెలాఖరు సంగతి చెప్పనక్కర లేదు. కావున ఏడాది పొడుగున ఒకే కొలత పెట్టరాదు. నారుమడికి పెట్టు నీరు, ఈనిక దశలో పెట్టు నీరు ఒకటి కానట్లే ఇదియు.

మా దృష్టిలో సంఘములు మిక్కిలి యుపేక్షించు విషయమిది: తీసిన ప్రతిని తిరిగి చదివి చూచుట. విత్తనశాస్త్రమున మొలక పరీక్ష యున్నది. నూరు గింజలను తడిగోనెలో చుట్టి చూతుము. వరిలో ఎనుబది మొలకెత్తనిచో అది విత్తనమునకు పనికిరాదందుము. బస్తామీద "విత్తనము" అని వ్రాసియుండుట చాలదు గదా! 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను ప్రసిద్ధ కంపెనీలో ఒక ఉద్యోగి, రాత్రివేళ పనియొత్తిడిలో ఒక సర్వరని యెంచి మరియొక సర్వరులోని లెక్కలను చెరపివేసెను. ఆ కంపెనీకి మారుప్రతులు తీయు పద్ధతులు ఐదు కలవు. అవసరము పడిన నాడు చూడగా వానిలో ఒక్కటియు నమ్మకముగా పనిచేయుట లేదు. వేరొక పనికై ఆరు గంటలకు పూర్వము తీసియుంచిన ప్రతి యొకటి దొరకుటచే గండము గట్టెక్కిరి. యంత్రవిద్యయే వృత్తిగా గలవారి స్థితి యిట్లున్నప్పుడు, మొలక చూడని మన ప్రతులను నమ్ముట యెట్లు?

చక్కగా దాచి, చక్కగా తిరిగి తెచ్చుకొన్నవారి కథయు వినదగినది. సిరియా దేశమున అలెప్పో నగరము చెంత మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థయైన ఇకార్డా వారి విత్తన భాండాగార ముండెను. వారు తమ విత్తనములకు మారుప్రతులను నార్వే దేశపు మంచుదీవియైన స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరచిన భూగర్భ భాండాగారమునకు పంపియుంచిరి. అంతర్యుద్ధమువలన అలెప్పోలోని భాండాగారము వారికందకపోగా, 2015లో స్వాల్‌బార్డ్ నుండి విత్తనములను వెనుకకు తీసికొని, లెబనాన్, మొరాకో దేశములలో చల్లి, పండించి, 2017లో మరల ఆ మంచుదీవికి ప్రతులను చేర్చిరి. దూరమున దాచుట, తిరిగి తెచ్చుట, మొలిపించి చూచుట, మరల దాచుట: మారుప్రతి ధర్మమంతయు ఈ నాలుగు మాటలలో నున్నది.

ఈ విషయమున వినవచ్చు ఆక్షేపణలకు జవాబు చెప్పెదము. "లెక్కలు క్లౌడులో నున్నవి, దానిని కాచువారు వేరు గలరు, మనకేల?" యందురు. కేంద్రపు సర్వర్లను కాచుట పైవారి ధర్మమే. కాని పాత సంవత్సరముల ఫైళ్లు, స్కాను చేసిన భూమి పత్రములు, తీర్మానములు, ఎరువుల గోదాము నిలువ పట్టికలు పెక్కుచోట్ల కార్యాలయపు కంప్యూటరులోనే యుండును. పైగా మన వ్రాతగాడే పొరపాటున ఒక పద్దు తప్పు వ్రాసిన, క్లౌడు ఆ తప్పునే భద్రముగా కాచును. ఎన్నాళ్ల పాత ప్రతులు నిలుపుచున్నారు, పోయినచో ఎన్ని గంటలలో తిరిగి యిత్తురు అని పైవారిని వ్రాతమూలకముగా అడుగు హక్కు సంఘమునకు కలదు. అడిగి, జవాబును ఫైలులో నుంచవలెను.

"ఖర్చు భరింపలేము" అందురు. ఒక గ్రామసంఘపు లెక్కలకు కావలసిన డిస్కు వెల కొన్ని వేల రూపాయలు మాత్రమే. పెద్ద వ్యాపారసంస్థలు వీమ్, కమ్‌వాల్ట్ వంటి సాఫ్ట్‌వేర్లకు సొమ్ము చెల్లించును. బాకులా, రెస్టిక్, బోర్గ్ అనునవి ఉచితముగనే దొరకును. లోపించినది ధనము కాదు, శ్రద్ధ.

"మా ఆపరేటరు నమ్మకస్థుడు" అందురు. కావచ్చును. మా ఆక్షేపణ ఆయన నిజాయితీపై కాదు. ఇనుప పెట్టెకు రెండు తాళములు వేసి ఇద్దరి చేతికిచ్చుట నమ్మకము లేక కాదు గదా. ఒక్కని జ్ఞాపకములో మాత్రమే యున్న పాస్‌వర్డు, ఆ ఒక్కడు జబ్బుపడిన నాడు సంఘమునకు తాళమై కూర్చుండును. లెక్కలు కాచు భారమును జీతగానిపై వేసి పాలకవర్గము తప్పించుకొనరాదని మా నిశ్చితాభిప్రాయము.

మరల కాగితమునకే పోదమనువారితో మేము ఏకీభవింపము. కాగితమును బొత్తిగా విడుతమనువారితోను ఏకీభవింపము. ఏడాదికొకసారి సభ్యుల నిలువల పట్టికను అచ్చువేసి, సంతకములు చేయించి భద్రపరచుట అన్నిటికంటె చౌకయైన మారుప్రతి.

ఈ శ్రద్ధ లేనిచో నష్టము ఎవరిది? పంటరుణమును గడువులోపల చెల్లించిన రైతునకు వడ్డీలో నూటికి మూడు రూపాయల రాయితీ కలదు. లక్ష రూపాయల అప్పుపై అది ఏటికి మూడువేలు. మార్చి 28న సొమ్ము కట్టిన రైతు జమ, 30న చెడిన కంప్యూటరుతో పోయినదనుకొనుడు. అతడు గడువు దాటినవాడుగా కనబడును; రాయితీ పోవును; తొలకరికి కొత్త అప్పు అందుట సందేహమగును. చేతిలో రసీదున్నవాడు నిలిచి వాదించును; నిరక్షరాస్యురాలైన కౌలురైతు ఏమి చేయును? యంత్రము చెడిన పాపమునకు నోరులేనివాడు శిక్ష ననుభవించుట సహకార ధర్మము కాదు.

కావున ప్రతి సంఘమును ఈ క్రింది విధముగ తీర్మానించుకొనవలెనని మా మనవి.

ఒకటి: మారుప్రతుల రిజిస్టరు పెట్టవలెను. తేదీ, వేళ, ప్రతి యొక్క పరిమాణము, జయమో అపజయమో, తీసినవారి సంతకము అందుండవలెను. నిన్నటికంటె నేటి పరిమాణము హఠాత్తుగా తగ్గినను, పెరిగినను కారణము విచారింపవలెను.

రెండు: మూడు నెలలకొకసారి మారుప్రతిని వేరొక కంప్యూటరుపై తిరిగి నిలిపి, పది ఖాతాలను ఎన్నుకొని, ఆ సభ్యుల పాస్‌బుక్కులతో పోల్చి చూడవలెను. ఎంత కాలము పట్టినదో వ్రాసికొనవలెను. ఆడిటరు ఈ వ్రాతను చూడగోరవలెను.

మూడు: ప్రతులలో సభ్యుల ఆధారు నెంబర్లు, భూమి వివరములు ఉండును గనుక వానిని గూఢలిపిలో నుంచవలెను. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టము వచ్చినది. విప్పు తాళపుమాటను కవరులో మూసి, ముద్రవేసి, బ్యాంకు లాకరులో నుంచవలెను. తాళపుమాట పోయిన ప్రతి యున్నను లేనట్లే.

నాలుగు: మారుప్రతులను చెరుపు అధికారము నిత్యము లెక్కలు వ్రాయు పాస్‌వర్డునకు ఉండరాదు. ఉద్యోగి మారిన నాడే పాస్‌వర్డులు మారవలెను.

ఐదు: దాడి జరిగిన, వెంటనే ఆ కంప్యూటరునకు ఇంటర్నెట్టు తీగ ఊడదీయవలెను, జిల్లా బ్యాంకునకు తెలుపవలెను, 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశము ననుసరించి 6 గంటలలోగా సెర్ట్-ఇన్ అను జాతీయ సంస్థకు నివేదింపవలెను. సొమ్ము అపహరణ జరిగినచో 1930 నెంబరునకు ఫోను చేయవలెను. దొంగకు సొమ్మిచ్చుట కూడదు. ఇచ్చినను తాళము తెరచునను పూచీ లేదు.

సభ్యుల ధర్మమును కలదు. పాస్‌బుక్కును ఆరు నెలలకొకసారియైనను వ్రాయించుకొనుడు. రసీదును వరద తడువని సంచిలో పెట్టి, దాని ఫోటోను ఫోనులో నుంచుకొనుడు. చదువురాని పొరుగువానికి ఈ సాయము చేసిపెట్టుడు.

మార్చి 31 మన సంఘములకు లెక్కల సంవత్సరాంతము. అదే దినమును 2011 మొదలు లోకమున పెక్కుమంది మారుప్రతుల దినముగా పాటించుచున్నారు. ఏడాది లెక్క మూసిన సాయంకాలముననే ఒక సంపూర్ణ ప్రతి తీసి దూరమునకు పంపుట ఆచారముగా పెట్టుకొన్నచో వేరే పండుగ అక్కరలేదు. రాబోవు మహాజనసభలో లాభనష్టముల పట్టిక చదివిన పిమ్మట ఏ సభ్యుడైనను లేచి, "అయ్యా, మన లెక్కల మారుప్రతిని కడపట ఏ తేదీన తిరిగి తెరచి చూచితిరి?" అని అడుగవలెను. తేదీ చెప్పగల కార్యదర్శిని అభినందింపవలెను. చెప్పలేనిచోట ఆ సభ ముగియులోపల తేదీ నిర్ణయించి, తీర్మానముల పుస్తకమున వ్రాయింపవలెను.